పాత గేమింగ్ పీసీకి కొత్త పార్టులు: స్లాట్‌లో దిగితే సరిపోయినట్టేనా?

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఒక పార్టు సరిపడకపోతే ఆ సంగతి రెండు రకాలుగా బయటపడుతుంది. మొదటి రకంలో అది అసలు లోపలికి దిగదు. డీడీఆర్4, డీడీఆర్5 ర్యామ్‌లను పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటికీ 288 పిన్నులే, పొడవూ ఒకటే. కింది అంచున ఉండే గాటు మాత్రం కాస్త పక్కకి జరిగి ఉంటుంది. ఎంత నొక్కినా ఒకదాని స్లాట్‌లో మరొకటి కూర్చోదు. అలాగే ఏఎండీ కంపెనీ ఏఎం4 రకం ప్రాసెసర్‌కి అడుగున 1331 పిన్నులుంటాయి. ఏఎం5 ప్రాసెసర్ అడుగు చదునుగా ఉంటుంది, 1718 పిన్నులు మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోనే ఉంటాయి. ఇలాంటి పొరపాటుతో పెద్దగా పోయేదేమీ లేదు. సీలు తీసిన డబ్బా వెనక్కి తీసుకోవడానికి షాపాయన కాస్త సణుగుతాడు, అంతే.

అసలు తలనొప్పి రెండో రకం. పార్టు చక్కగా దిగుతుంది, క్లిప్పు టక్కున పడుతుంది, స్క్రూ బిగుస్తుంది. తీరా ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఏమీ రాదు. లేదా అన్నీ వస్తాయి, గేమ్ కూడా నడుస్తుంది, కానీ పెట్టిన డబ్బుకి రావాల్సిన వేగం రాదు. అప్‌గ్రేడ్‌లో జేబుకి చిల్లు పడేది ఎక్కువగా ఇక్కడే, ఎందుకంటే ఇక్కడ తప్పు కంటికి కనిపించదు.

సాకెట్ పేరు కలిస్తే చాలనుకునేవాళ్లు ముందుగా ఇంటెల్ చరిత్ర చూడాలి. ఆరో, ఏడో తరం కోర్ ప్రాసెసర్లది ఎల్‌జీఏ1151 సాకెట్. 2017 చివర్లో వచ్చిన ఎనిమిదో తరానిదీ అదే పేరు, అదే కొలత. అయినా ఆ ఎనిమిదో తరం ఐ5-8400ని పాత బీ250 బోర్డులో పెడితే కూర్చుంటుంది గానీ కంప్యూటర్ లేవదు. దానికి 300 సిరీస్ బోర్డే కావాలి. ఎల్‌జీఏ1200లో ఇంకో తిరకాసు ఉంది. పదో తరంతో వచ్చిన మామూలు హెచ్410, బీ460 బోర్డులు పదకొండో తరం ప్రాసెసర్‌ని తీసుకోవు. ఎల్‌జీఏ1700 కాస్త నయం, బయోస్ (ఆన్ చేయగానే పార్టుల్ని గుర్తుపట్టే, బోర్డు చిప్‌లోని సాఫ్ట్‌వేర్) తాజాగా ఉంటే 12, 13, 14 తరాలు మూడింటితోనూ పనిచేస్తుంది.

ఈ లెక్కలన్నీ ఒక మెషీన్ మీద పెట్టి చూస్తే తేలిగ్గా అర్థమవుతాయి. 2019 ప్రాంతంలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, ఊళ్లో తెలిసిన షాపులోనో అసెంబుల్ చేయించిన మధ్యతరగతి గేమింగ్ పీసీని ఒకటి ఊహించుకుందాం. ఏఎండీ రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా), 1080పీ మానిటర్. బిల్లు తీసి చూస్తే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పేర్లు పూర్తిగా ఉంటాయి. ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం చాలాసార్లు ‘450 వాట్స్’ అని తప్ప కంపెనీ పేరు కూడా ఉండదు. ఇప్పుడు కొత్త గేమ్‌లు సెట్టింగ్స్ అన్నీ తగ్గించినా ఆగి ఆగి నడుస్తున్నాయి. యజమాని మనసు నేరుగా గ్రాఫిక్స్ కార్డు మీదికే పోతుంది.

అడ్డం పడుతున్నది ఏది?

కొనేముందు చెయ్యాల్సిన పని పైసా ఖర్చు లేనిది. గేమ్ నడుస్తుండగా ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు చిప్) వాడకం ఎంతుందో చూడాలి. అది 95–99 శాతం దగ్గరే ఉంటే గ్రాఫిక్స్ కార్డు తన శక్తంతా పెట్టేసింది, కొత్త కార్డుతో లాభం ఉంటుంది. 60–70 దగ్గర ఆగిపోయి, రిజల్యూషన్ తగ్గించినా ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేములు) పెరగకపోతే ప్రాసెసర్ దగ్గర పని నిలిచిపోతున్నట్టు. ఎఫ్‌పీఎస్ బానే ఉండి మధ్యమధ్యలో సెకనుపాటు గడ్డకట్టినట్టు ఆగుతుంటే ముందు అనుమానించాల్సింది 8 జీబీ ర్యామ్‌ని.

విండోస్ టాస్క్ మేనేజర్ చూపించే సీపీయూ (ప్రాసెసర్) శాతాన్ని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకూడదు. 2600లో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). గేమ్‌లో ముఖ్యమైన పనంతా ఒకే థ్రెడ్ మీద పడి అది ఊపిరాడక కొట్టుకుంటున్నా, మొత్తం లెక్కలో అది 8 శాతమే. పైన సీపీయూ 40 శాతం అని చూసి ప్రాసెసర్ ఖాళీగానే ఉందనుకుంటారు. ఇక ప్రాసెసర్ పేరూ కార్డు పేరూ ఇస్తే ఒకటి రెండోదాన్ని ఎంత ఆపుతోందో ‘బాటిల్‌నెక్ ఇంత శాతం’ అని చెప్పే వెబ్‌సైట్లున్నాయి. వాటితో కాలక్షేపం తప్ప ప్రయోజనం లేదు. అదే జత ఒక షూటింగ్ గేమ్‌లో ప్రాసెసర్ దగ్గర ఆగితే, బొమ్మల బరువు ఎక్కువున్న ఇంకో గేమ్‌లో కార్డు దగ్గర ఆగుతుంది. దానికి ఒక్క అంకె ఎలా చెప్తారు?

పాత ప్రాసెసర్ అమ్మే ముందు

బీ450 బోర్డు మీద రైజెన్ 5 5600 పనిచేస్తుందా? పనిచేస్తుంది, కానీ ఆ అనుమతి గొడవపడి సాధించుకున్నది. 2020 మే నెలలో ఏఎండీ, తర్వాత రైజెన్ 5000 సిరీస్‌గా వచ్చిన ప్రాసెసర్లు బీ450, ఎక్స్470 బోర్డుల మీద పనిచెయ్యవని మొదట చెప్పింది. వినియోగదారులు మండిపడటంతో అదే నెలలో మాట మార్చుకుంది. ఇంకా పాతవైన ఏఎండీ 300 సిరీస్ బోర్డులకి ఆ అవకాశం 2022లో గానీ రాలేదు. సాకెట్ మాత్రం వీటన్నిట్లో ఒకటే ఏఎం4. అడ్డం వచ్చింది చాలా బోర్డుల్లో ఉన్న 16 ఎంబీ బయోస్ చిప్. అన్ని తరాల ప్రాసెసర్ల సమాచారం ఆ చిన్న చోటులో పట్టక, కొన్ని బోర్డు కంపెనీలు కొత్త ప్రాసెసర్లను చేర్చడానికి పాతవాటి సపోర్ట్ తీసేశాయి, కొన్ని బయోస్ స్క్రీన్‌ని సాదాసీదాగా మార్చేశాయి.

ప్రాసెసర్ సాకెట్‌లో కూర్చున్నా, బయోస్‌లో దాని సమాచారం లేకపోతే హాజరు పట్టీలో పేరు లేని పిల్లాడి పరిస్థితే: క్లాసులో ఉన్నా లేనట్టే. అందుకే బోర్డు కంపెనీ సైట్‌లో ‘సీపీయూ సపోర్ట్’ జాబితా తెరిచి, కొనబోయే ప్రాసెసర్ ఎదురుగా ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందని రాసి ఉందో చూడాలి. బోర్డు పేరు ఒకటే అయినా రివిజన్ వేరుగా ఉండొచ్చు. అది బోర్డు మీదే ఒక మూలన చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంటుంది, జాబితాలో ఆ రివిజన్‌దే చూసుకోవాలి.

పనుల వరస కూడా ముఖ్యమే. పాత 2600 ఇంకా లోపలున్నప్పుడే బయోస్ అప్‌డేట్ చేసెయ్యాలి. కొత్తది కొనడానికి డబ్బు కలుస్తుందని పాతదాన్ని ముందే అమ్మేస్తే, పాత బయోస్ ఉన్న బోర్డూ దానికి తెలియని ప్రాసెసరూ మిగులుతాయి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్ కొన్ని బోర్డులకే ఉంటుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పని యూపీఎస్ మీద చెయ్యడం మంచిది.

ఏఎం4లో ప్రాసెసర్ తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఏళ్ల తరబడి ఎండిన థర్మల్ పేస్ట్ కూలర్‌నీ ప్రాసెసర్‌నీ గట్టిగా పట్టుకుని ఉంటుంది. కూలర్‌ని నిటారుగా పైకి లాగితే సాకెట్ లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ దానితోపాటు ఊడొచ్చేస్తుంది, అడుగున పిన్నులు వంగుతాయి. కాసేపు గేమ్ ఆడి పేస్ట్ వేడెక్కాక మెషీన్ ఆపి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీస్తే ఈ గొడవ ఉండదు.

కొత్త ప్రాసెసర్ పెట్టి మొదటిసారి ఆన్ చేసినప్పుడు చాలా బోర్డులు నల్ల స్క్రీన్ మీద ఒక ప్రశ్న అడుగుతాయి. ప్రాసెసర్ మారింది, ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో రహస్య కీలు దాచే భాగం) రీసెట్ చెయ్యాలా అని. విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉండి రికవరీ కీ దగ్గర లేకపోతే ఇక్కడ వై నొక్కడం డేటాకి తాళం వేసుకోవడమే. ల్యాప్‌టాప్‌లకే కాదు, విండోస్ 11 ఉన్న డెస్క్‌టాప్‌లకి కూడా డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉండొచ్చు. ప్రాసెసర్ విప్పకముందే ఆ సంగతి చూసుకోవాలి.

ఏ ప్రాసెసర్ కొనాలన్న ప్రశ్నలో పేర్లు కూడా మోసం చేస్తాయి. రైజెన్ 5 5500, 5600 రెండూ ఆరు కోర్లవే. కానీ 5500లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమొరీ) 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ. గేమ్‌లకి క్యాష్ బాగా పనికొస్తుంది, కాబట్టి ధరలో తేడా కొంచెమే అయితే 5500 వైపు చూడక్కర్లేదు. 96 ఎంబీ క్యాష్‌తో వచ్చిన 5800ఎక్స్3డీ, 5700ఎక్స్3డీలు ఈ బోర్డుకి దొరికే అత్యుత్తమ గేమింగ్ ప్రాసెసర్లే, కానీ కొత్తవి దొరకడం అరుదైంది, డబ్బాలో కూలర్ కూడా రాదు. 2600తో వచ్చిన చిన్న కూలర్ వాటికి చాలదు. మే నెలలో గది ఉష్ణోగ్రతే 38–40 డిగ్రీలుండే మన ఊళ్లలో అసలే చాలదు.

కార్డు: లేన్లు, వాట్లు, అంగుళాలు

గ్రాఫిక్స్ కార్డు స్లాట్ విషయంలో ఒక మంచి సంగతి ఉంది. పీసీఐఈ (ఆ స్లాట్ ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ వేగం ఎక్కువ) 3.0 బోర్డులో 4.0 కార్డు, 5.0 కార్డు కూడా పనిచేస్తాయి, బోర్డు వేగానికి తగ్గి నడుస్తాయి. చాలా సందర్భాల్లో ఆ తగ్గుదల లెక్కలోకి రాదు. చిక్కంతా కార్డు ఎన్ని లేన్లు (డేటా పోయే దారులు) వాడుతుందన్న దగ్గరుంది. స్లాట్ పొడుగ్గా పదహారు లేన్లకి ఉన్నా చవక కార్డులు ఎనిమిదే వాడతాయి, కొన్ని నాలుగే.

2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ దీనికి తగిన ఉదాహరణ. దాని లేన్లు నాలుగు, మెమొరీ 4 జీబీ. పీసీఐఈ 4.0 బోర్డులో సెకనుకి సుమారు 8 జీబీ దారి దొరుకుతుంది, బీ450 లాంటి 3.0 బోర్డులో అది సగమే. గేమ్‌కి 4 జీబీ చాలక కార్డు మామూలు ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఆ సన్న దారిలోనే రావాలి. ఫలితంగా రివ్యూల్లో కనిపించిన ఎఫ్‌పీఎస్ పాత బోర్డు మీద కనిపించదు. రివ్యూ చేసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్ల బోర్డు వేరు. ఎనిమిది లేన్ల ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 కార్డులు 3.0 బోర్డు మీద కొద్దిపాటి నష్టంతో బాగానే నడుస్తాయి, అయితే గేమ్ 8 జీబీ మెమొరీ లోపల ఉన్నంతవరకే. అందుకే పాత బోర్డువాళ్లకి, ఒకే కార్డు 8 జీబీ, 16 జీబీ రకాల్లో దొరికితే, ఎక్కువ మెమొరీ ఉన్నదానికి అదనంగా పెట్టడం దండగ కాదు.

ఇంటెల్ ఆర్క్ బీ580 సంగతి వేరు. 12 జీబీ మెమొరీతో ఆ ధరలో చూడగానే ఆశపుడుతుంది. కానీ దానికి రీసైజబుల్ బార్ అనే బయోస్ సౌకర్యం తప్పనిసరి, పైగా పాత, నెమ్మది ప్రాసెసర్లతో జత చేస్తే దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద అదనపు భారం వేస్తుంది. 2600 ఉన్నంతకాలం అది తీసుకోకూడని కార్డు.

ఇక వాట్లు. మెషీన్‌లో ఉన్న జీటీఎక్స్ 1650 చాలా మోడళ్లలో స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే బతుకుతుంది, విడిగా పవర్ కేబుల్ అడగదు. అందుకే ఆ చవక ఎస్‌ఎంపీఎస్ లోపం ఇన్నేళ్లూ బయటపడలేదు. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు కావాలి, ఆర్‌ఎక్స్ 6600కి 132, 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి 160. ప్రాసెసర్ మీద 65 వాట్లని రాసున్నా ఏఎం4లో అది లోడ్ మీద 88 దాకా తీసుకోవచ్చు. 105 అని రాసున్నది 142 దాకా.

క్యాబినెట్ తలుపు తీసి ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్ చదవాలి. పెద్ద అక్షరాల్లో 450 ఉంటుంది. దాని కింద చిన్న పట్టికలో +3.3వీ, +5వీ, +12వీ అని గళ్లు, ఒక్కోదాని కింద ఆంపియర్లు. కార్డూ ప్రాసెసరూ తినేదంతా దాదాపుగా 12 వోల్టుల లైను నుంచే. కాబట్టి ఆ గడిలోని ఆంపియర్లని 12తో గుణిస్తే అసలు సత్తా తెలుస్తుంది. 36 ఆంపియర్లుంటే 432 వాట్లు, 18 ఉంటే 216. రెండు డబ్బాల మీదా 450 అనే ఉండొచ్చు. 12వీ1, 12వీ2 అని రెండు గళ్లుంటే వాటిని కూడితే తప్పు లెక్క వస్తుంది. రెండూ కలిపి ఎన్ని వాట్లో అదే పట్టికలో విడిగా రాసి ఉంటుంది, దాన్నే తీసుకోవాలి. కార్డుకి 160, ప్రాసెసర్‌కి 88, ఫ్యాన్లూ డ్రైవులూ బోర్డూ కలిపి ఒక 50 వేసుకుంటే 300కి చేరుతుంది. పైగా కొత్త కార్డులు కొన్ని మిల్లీసెకన్లపాటు ఉన్నట్టుండి ఎక్కువ లాగుతాయి. 432 ఉన్నది తట్టుకుంటుంది, 216 ఉన్నది గేమ్ మధ్యలో మెషీన్‌ని టప్పున ఆపేస్తుంది. ఆపడమే మంచిది కూడా. ఆ మాత్రం రక్షణ లేని ఎస్‌ఎంపీఎస్ తనతోపాటు పక్కవాటినీ తీసుకుపోవచ్చు. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్రలు చెప్పేది కరెంటు ఎంత వృథా అవుతుందన్నదే. రక్షణల నాణ్యతకి అవి హామీ కాదు.

కేబుళ్ల దగ్గర రెండు అలవాట్లు ప్రమాదకరం. ఒకటి, 8 పిన్నుల కనెక్టర్ లేదని సాటా పవర్ (హార్డ్‌డిస్క్‌కి కరెంటు ఇచ్చే ప్లగ్గు) నుంచి మార్చే చవక అడాప్టర్ పెట్టడం. 8 పిన్నుల కనెక్టర్ 150 వాట్ల కోసం ఉద్దేశించింది. సాటా ప్లగ్గులో 12 వోల్టుల మీద వచ్చేది మొత్తం 54 వాట్లే. ప్లగ్గు కరిగి కాలిన వాసన వచ్చేది ఇలాంటప్పుడే. రెండోది, మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీయగలిగే) ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లు తీయడం ఎందుకని అలాగే కొత్తదానికి తగిలించడం. కేబుల్‌కి కార్డు వైపు కొన ఎక్కడైనా ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస మాత్రం కంపెనీకొక రకం, ఒకే కంపెనీలోనూ మోడల్‌కొక రకం. ప్లగ్గు దూరుతుంది, 5 వోల్టులు పోవాల్సిన తీగలో 12 వోల్టులు పోతాయి, హార్డ్‌డిస్క్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. అతికినట్టు కూర్చుని నష్టం చేసే పార్టుల్లో ఇంత దారుణమైనది ఇంకోటి లేదు.

యూపీఎస్‌ని కూడా ఈ లెక్కలో కలపాలి. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్‌ల మీద చాలావాటికి 360 వాట్లని రాసి ఉంటుంది. పాత మెషీన్‌ని అది హాయిగా మోసింది. అప్‌గ్రేడ్ తరవాత గేమ్ మధ్యలో కరెంటు పోతే, మానిటర్‌తో కలిపి భారం అంచుకి చేరి, యూపీఎస్ ఉండీ లేనట్టే అవుతుంది.

కార్డు పొడవు సంగతి ఒక్క నిమిషం పని. స్లాట్ దగ్గర నుంచి ముందు ఫ్యాన్ దాకా టేపుతో కొలిచి, కార్డు పేజీలో మిల్లీమీటర్లతో పోల్చుకుంటే చాలు. కూలర్ ఎత్తుకీ ఇంతే. మానిటర్ కేబుల్‌ని కొత్త కార్డుకే తగిలించాలి, బోర్డుకి కాదు. 2600, 5600ల్లో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ లేదు కాబట్టి బోర్డుకి తగిలిస్తే నల్ల స్క్రీనే.

ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

అన్నిటికన్నా చవకగా ఫలితం కనిపించేది ర్యామ్‌లో. 8 జీబీ ఒకే స్టిక్ అంటే ప్రాసెసర్‌కి ఉన్న రెండు మెమొరీ చానళ్లలో ఒకటి ఖాళీ. రైజెన్‌లకి ఇది బాగా తగులుతుంది. పాత స్టిక్ పక్కన అలాంటిదే ఇంకోటి పెట్టొచ్చు. వేగాలు వేరైతే రెండూ నెమ్మదిదాని వేగంతో నడుస్తాయి, ఒక్కోసారి అసలు కలవవు. డబ్బు చూసుకోగలిగితే 8 జీబీవి రెండు కలిపి ఒకే కిట్‌గా కొనడం టెన్షన్ లేని దారి. నాలుగు స్లాట్ల బోర్డులో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మొదటి రెండు స్లాట్లలోనో చివరి రెండింటిలోనో పెడితే రెండూ ఒకే చానల్‌లోకి పోతాయి. చివరగా బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యాలి. లేకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2133 దగ్గరో 2400 దగ్గరో ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది, ఎవరూ చెప్పరు.

బోర్డు మీదే బిగించే సన్నటి ఎం.2 ఎస్‌ఎస్‌డీలో కూడా ఒకే రూపంలో రెండు రకాలున్నాయి: సాటా, అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ. కొన్ని స్లాట్లు ఒకదాన్నే గుర్తిస్తాయి. ఎం.2 నింపితే రెండు సాటా పోర్టులు ఆగిపోయే బోర్డులూ ఉన్నాయి, పాత హార్డ్‌డిస్క్ ‘చచ్చిపోయింది’ అనుకునే ముందు కేబుల్ వేరే పోర్టుకి మార్చి చూడాలి.

బోర్డే మార్చాల్సి వస్తే

ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ కొని దాన్ని గేమింగ్‌కి మార్చాలనుకునేవాళ్లకి పై లెక్కల్లో సగం పనికిరావు. వాటిలో కొన్నిటికి బోర్డు పవర్ కనెక్టర్ 24 పిన్నులది కాకుండా కంపెనీ సొంతది ఉంటుంది, కాబట్టి షాపులో దొరికే ఎస్‌ఎంపీఎస్ తగలదు. క్యాబినెట్ సన్నగా ఉంటే సగం ఎత్తు కార్డులే పడతాయి. అక్కడ పవర్ కేబుల్ అడగని 70 వాట్ల 6 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 లాంటిదానితో సరిపెట్టుకోవాలి.

మన బీ450 మెషీన్‌కి ఆ గతి పట్టలేదు. 5600, 16 జీబీ ర్యామ్, మంచి ఎస్‌ఎంపీఎస్, ఒక మధ్యస్థాయి కార్డు పెడితే 1080పీలో ఇంకొన్నేళ్లు లాగుతుంది. ఏఎం5కి మారాలంటే ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ ఒకేసారి కొనాలి, ఎందుకంటే ఏఎం5కి డీడీఆర్5 తప్ప వేరేది పనికిరాదు. ఆ మూడోదే ఇప్పుడు గుండె గుభేలుమనిపిస్తోంది. ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్‌లని ఎగరేసుకుపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎగబాకాయి. ఆ డిసెంబరులో మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌తో సామాన్య కొనుగోలుదార్లకి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పాత బోర్డు మీదే ఉండిపోవడం ఒకప్పుడు సర్దుబాటు, ఇప్పుడు అది లాభసాటి లెక్క.

అయినా మారక తప్పని రోజు వస్తే, ఈ అప్‌గ్రేడ్‌లో కొన్న ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్ కొత్త బోర్డుతోనూ పనికొస్తాయి. ఏఎం4 కూలర్లు కూడా చాలావరకు ఏఎం5 మీద పడతాయి. బోర్డు వెనక తమ సొంత ప్లేటు పెట్టి బిగించే కూలర్లకి మాత్రం వాటి కంపెనీ ఇచ్చే ఏఎం5 కిట్ తెప్పించుకోవాలి, ఎందుకంటే ఆ సాకెట్‌కి వెనక ప్లేటు బోర్డుతోనే బిగించి ఉంటుంది, తీయడానికి కుదరదు.